దారి తప్పిన నౌక: అంతరిక్ష వాణిజ్య క్రీడల నుంచి ఉద్దానం తీరం దాకా

సముద్రయాన కథలు చాలావాటికి మూలం సరుకు. ఒకచోట చౌకగా దొరికేది మరొకచోట ప్రియం కావడం వల్లనే మనిషి తెలియని నీటిలోకి ఓడను నడిపాడు. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల నుంచి ఓడల మీద ముడిగింజ వస్తుంది. ఇక్కడ పప్పుగా మారి దేశమంతటికీ పోతుంది. అసలు జీడిచెట్టే పోర్చుగీసువారి వెంట బ్రెజిల్ నుంచి వచ్చి ఈ నేలలో పాతుకున్నది. రంగూన్‌ను 'రంగం' అని పిలుచుకొని, పొట్ట చేతపట్టుకొని అక్కడికి వలసపోయిన తరాలు ఈ ప్రాంతానివే. బారువ తీరానికి చేరువలో 1917లో మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం నేటికీ నీటి అడుగున ఉంది. వ్యాపారం, ప్రయాణం, ప్రమాదం ఇంతగా కలిసిపోయిన తీరం నుంచి చూస్తే, అంతరిక్ష వాణిజ్య క్రీడలనే కంప్యూటర్ ఆటలు పరాయివిగా తోచవు. వాటిలో నౌక దారి తప్పే ఘట్టం ఒక పాత ప్రశ్నను మళ్ళీ ముందుకు తెస్తుంది: దారి తప్పినవాడి గతి ఏమిటి? దానిని నిర్ణయించేది ఎవరు?

విఫలమైన గంతు

ఈ కోవ ఆటలకు ఒరవడి పెట్టినది 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రూపొందించిన 'ఎలైట్'. ఆటగాడు లావే అనే గ్రహం వద్ద 100 క్రెడిట్ల సొమ్ముతో, కోబ్రా మార్క్ 3 అనే నౌకతో ప్రయాణం మొదలుపెడతాడు. వ్యవసాయ గ్రహంలో ఆహారం కొని పారిశ్రామిక గ్రహంలో అమ్ముతాడు. అక్కడి యంత్రాలను తిరిగి ఇక్కడికి తెస్తాడు. ఆటలోని నక్షత్ర మండలాలు 8, ఒక్కొక్క దానిలో గ్రహ వ్యవస్థలు 256, మొత్తం 2,048. ఇవి ఒక్కొక్కటిగా రాసి నిల్వచేసినవి కావు. కొన్ని బీజసంఖ్యల నుంచి గణిత సూత్రం పుట్టించిన లోకాలు. ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థకు వెళ్ళడానికి హైపర్‌స్పేస్ గంతు వేయాలి. నిండు ఇంధనంతో దాని హద్దు 7 కాంతి సంవత్సరాలు.

అరుదుగా ఆ గంతు విఫలమవుతుంది. నౌక గమ్యం చేరక, రెండు నక్షత్రాల నడుమ 'విచ్‌స్పేస్' అనే శూన్యంలో చిక్కుతుంది. అక్కడ సూర్యుడు లేడు, గ్రహం లేదు, రేవు లేదు. థార్గాయిడ్లనే శత్రుజాతి నౌకలు మాత్రం కాచుకొని ఉంటాయి. బయటపడాలంటే పోరులో నిలవాలి, మరొక గంతుకు చాలినంత ఇంధనం మిగిలి ఉండాలి. గెలిచినవాడికి ఒక లాభం కూడా ఉంది. తల్లినౌక నశించిన తరువాత కదలిక లేకుండా తేలే శత్రువుల చిరునౌకలను, తగిన పరికరం ఉంటే, ఏరుకొని అమ్ముకోవచ్చు. వాణిజ్య క్రీడలో విపత్తు సైతం సరుకుగా మారుతుంది.

దారి తప్పడానికి కారణమేమిటన్నది ఆటను బట్టి మారుతుంది. 1977 నాటి 'ట్రావెలర్' అనే బల్లమీది ఆటలో తప్పిన నౌక ఎంత దూరం కొట్టుకుపోయిందో పాచికలు చెబుతాయి. 'ఎలైట్'లో అది కేవలం యాదృచ్ఛికం. 1993లో వచ్చిన 'ఫ్రాంటియర్: ఎలైట్ 2'లో సకాలంలో మరమ్మతు చేయించని నౌకకే ఆ ముప్పు ఎక్కువ. విధి, పాచిక, అజాగ్రత్త అనే ఈ మూడు వివరణలూ మనిషి తన కష్టానికి కారణం వెతుక్కొనే పద్ధతులకు దగ్గరగానే ఉన్నాయి.

ద్వీపంలోని ప్రశ్నలు

దారి తప్పడం కథకు తలుపు తీస్తుందని భారతీయ కథకులు ఏనాడో గుర్తించారు. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చిన 'దశకుమార చరిత్రము' ఇందుకు నిదర్శనం. దండి సంస్కృత మూలంలో మిత్రగుప్తుని కథ బంగాళాఖాతపు రేవైన దామలిప్తలో మొదలవుతుంది. శత్రువు అతనిని కట్టి సముద్రంలో పడవేయిస్తాడు; యవనుల ఓడ ఒకటి కాపాడుతుంది. తరువాత ఎదురుగాలి ఆ ఓడను తెలియని ద్వీపానికి నెట్టుకుపోతుంది. అక్కడ ఎదురైన బ్రహ్మరాక్షసుడు నాలుగు ప్రశ్నలు వేసి, జవాబు చెప్పకుంటే తింటానంటాడు. నాలుగు జవాబులకు ఉదాహరణలుగా నాలుగు కథలు పుడతాయి.

గాలి అనుకూలించి ఓడ గమ్యం చేరి ఉంటే ఆ నాలుగు కథలూ లేవు. విచ్‌స్పేస్‌లో థార్గాయిడ్, ద్వీపంలో బ్రహ్మరాక్షసుడు చేసే పని ఒకటే: తిన్నగా సాగవలసిన ప్రయాణాన్ని అడ్డగించి దానిని కథగా మార్చడం. అయితే కథ చెప్పడానికి మిత్రగుప్తుడు ముందు బతకాలి. అతనిని బతికించినది అతని బుద్ధి ఒక్కటే కాదు. నీటిలో ఉన్నవాడికి చేయి అందించిన పరాయి ఓడ కూడా. ఇటువంటి కథలు చదివేటప్పుడు పాఠకుని దృష్టి సాహసం మీదనే నిలిచి, ఆ చేయిని దాటిపోతుంది.

తీరం ఇచ్చిన మాట

ఆ చేయి ధర్మంగా, శాసనంగా మారిన సందర్భం కేతన శతాబ్దిలోనే, ఇదే తూర్పు తీరంలో, ఉద్దానానికి బాగా దక్షిణాన ఉన్న మోటుపల్లిలో కనిపిస్తుంది. కాకతి గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించినది అభయశాసనం. ఒక దేశానికి బయలుదేరి, తుఫానుకు చిక్కి, విరిగి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల నుంచి పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకొనేవారని ఆ శాసనం ఒప్పుకొంటుంది. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించినవారి నుంచి తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇస్తుంది.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. దారి తప్పిన వర్తకుని తప్పును శాసనం వెదకలేదు. గాలి ఎవరి వశమూ కాదని అంగీకరించింది. అతని పరిస్థితిని తీరంవారు లాభంగా మలచుకోవడం అన్యాయమని గుర్తించింది. తుఫాను కంటె తుఫాను తరువాతి దోపిడీ వర్తకానికి పెద్ద ప్రమాదమని ఆ పాలకుడు గ్రహించాడు. రేవు బాగుపడాలనే స్వార్థం అందులో ఉండవచ్చు. అయినా ఆ మాట విలువ తగ్గదు.

భద్రపరచిన ఆట, భద్రత లేని వేట

'ఎలైట్' ఆటగాడు రేవులో ఉన్నప్పుడు తన స్థితిని భద్రపరచుకోవచ్చు. శూన్యంలో నౌక నశించినా మళ్ళీ ఆ రేవు నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ భరోసా వల్లనే దారి తప్పడం అతనికి ఉత్సాహకరం. 2014లో వచ్చిన 'ఎలైట్: డేంజరస్'లో కొందరు సూర్యునికి దాదాపు 65,000 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న బీగల్ పాయింట్ దాకా కోరి ప్రయాణించారు. ఆ ఆటలోనే ఇంధనం అయిపోయి నిలిచిపోయినవారికి ప్రతిఫలం తీసుకోకుండా ఇంధనం చేర్చే ఆటగాళ్ళు 'ఫ్యూయల్ ర్యాట్స్' పేరుతో ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆట నియమాలు అడగని ధర్మాన్ని ఆటగాళ్ళే కల్పించుకున్నారు.

శ్రీకాకుళం తీరంలో వేటకు పోయేవారికి భద్రపరచిన స్థితి అంటూ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. మరుసటి నెలలో, గుజరాత్‌లోని వేరావల్ కేంద్రంగా మరపడవల మీద పనిచేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్థాన్ సముద్ర భద్రతా దళానికి పట్టుబడ్డారు. పెద్ద మరపడవలు నిలిపే రేవు సొంత జిల్లాలో లేకపోవడం అంత దూరపు వలసకు ఒక కారణం. నీటి మీద గీత కనిపించదు; గాలి, ప్రవాహం, చేపల గుంపు దానిని ఎరుగవు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద స్వదేశానికి చేరారు. గీత దాటడానికి పట్టిన కాలం స్వల్పం. తిరిగి రావడానికి పట్టినది 13 నెలలకు పైన. 2025లో వచ్చిన 'తండేల్' చిత్రానికి ఆధారం ఈ ఉదంతమే. తండేలు అంటే పడవకు పెద్ద, దారి తెలిసినవాడు.

మోటుపల్లి మాట వంటిది నేటి చట్టంలోనూ ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నియమాలను మీరి పట్టుబడిన పడవను, అందులోనివారిని తగిన పూచీకత్తు మీద త్వరగా విడువాలి. దేశాల మధ్య వేరే ఒడంబడిక లేకుంటే జైలు శిక్ష విధించరాదు. భారత, పాకిస్థాన్‌లు రెండూ ఆ ఒప్పందాన్ని ఆమోదించాయి. అయినా 2008 నాటి ఒడంబడికను అనుసరించి ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ మార్చుకొనే ఖైదీల జాబితాలలో మత్స్యకారుల పేర్లు ఇటూ అటూ ఉంటూనే వచ్చాయి.

ముగింపు

దారి తప్పడం మీద కథ కట్టడం సులభం. తప్పినవాడిని చేర్చుకొనే తీరాన్ని కట్టడం కష్టం. అంతరిక్ష వాణిజ్య క్రీడలు మొదటిదానిని నలభై ఏళ్ళుగా చేస్తున్నాయి. ఆటగాళ్ళ బృందాలు రెండవదానిని ఆటలోపలనే సాధించాయి. తెలుగు నేల మీద ఒక రాతిస్తంభం ఆ రెండవ పనిని దాదాపు 780 ఏళ్ళ క్రితమే చట్టంగా పలికింది. సముద్రయాన సాహిత్యాన్ని సాహసం వైపు నుంచి చదివినంత శ్రద్ధగా తీరం వైపు నుంచి కూడా చదవవలసి ఉంది. ఉద్దానం నుంచి వేటకు పోయినవారి ఇళ్ళలో ఆ చదువు నిత్యమూ సాగుతున్నది: పడవ ఎక్కడ ఉందన్నది మొదటి ప్రశ్న, ఎవరి చేతిలో ఉందన్నది రెండవది.