దుల్హేభాయ్ ఘోడా

మా దుల్హేభాయ్ దగ్గర ఒక ఘోడా ఉంది. ఎర్రటి ఘోడా. గడ్డి తినదు, పెట్రోలు తాగుతుంది. వయసు యాభై దాటింది. అంటే నాకంటే పెద్దది.

అసలు పేరు వీల్ హార్స్. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊళ్లో తయారయ్యేదట. పొలం దున్నే ట్రాక్టర్ కాదు, ఇంటి పెరడు కోసం చేసిన చిన్న ట్రాక్టర్. ఎండాకాలం పొట్ట కింద బ్లేడ్లు తగిలిస్తే గడ్డి కోస్తుంది. చలికాలం ముందర ఇనుప పలక తగిలిస్తే మంచు నెడుతుంది. 1986లో ఆ కంపెనీని టోరో కొనేసింది. ఆ పేరుతో కొత్త బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం కోహ్లర్. మన దగ్గర బాత్‌రూమ్ కుళాయిల మీద కనబడే కోహ్లరే. ఒక్క సిలిండర్, 12 హార్స్‌పవర్, పోత ఇనుము బ్లాకు.

ఆపా వాళ్లది న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గర చిన్న ఊరు. న్యూయార్క్ అనగానే ఎత్తయిన మేడలు గుర్తొస్తాయి కదా, అవేవీ అక్కడ లేవు. పైన అంటారియో సరస్సు ఉంది. చలికాలంలో కూడా అది పూర్తిగా గడ్డకట్టడం అరుదు. ఉత్తరాది చల్లగాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి వీళ్ల నెత్తిన కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున వంద అంగుళాల పైనే. పొద్దున లేస్తే కారు ఉండాల్సిన చోట తెల్లటి గుట్ట ఉంటుంది.

పదేళ్ల కింద దుల్హేభాయ్ ఆ మంచును పారతో ఎత్తిపోస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. రెండు స్టెంట్లు వేశారు. చలిలో బరువెత్తడం గుండెకు మంచిది కాదు, ఇక పార ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పుడే దగ్గర్లో ఒక రైతు కొట్టంలో పడి ఉన్న ఈ ఘోడాని నాలుగొందల డాలర్లకు తెచ్చుకున్నాడు. మావాడు వరంగల్ మనిషి, అక్కడ ఫ్యాక్టరీలో లేత్ మీద పని చేసి రిటైరయ్యాడు. ఇనుముతో ఆయనకు దోస్తీ.

పోయిన ఏడాది ఫాలిజ్ కొట్టింది. కాలు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం వణుకు వదల్లేదు. పిల్లలు టెక్సాస్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. "ఈ చలికాలం నువ్వొచ్చి ఉండరా మియా" అంది ఆపా. రెండు నెలలు సెలవు పెట్టి వెళ్లాను.

వెళ్లాక తెలిసింది, నన్ను పిలిపించింది ఆపా కాదు, ఘోడా.

"నా కళ్లు, నీ చేతులు. చలో" అన్నాడు దుల్హేభాయ్, మొదటిరోజే గ్యారేజీలోకి తీసుకెళ్లి. నేను జర్నలిస్టుని. నా చేతులు కీబోర్డు తప్ప వేరే ఔజార్ ఎరగవు. అదే చెప్పాను. "కలం పట్టిన చెయ్యి పానా పట్టలేదా?" అన్నాడు.

మంచు పడ్డాక చేసే పని చాలా తక్కువని అక్కడే నేర్చుకున్నాను. అసలు మెహనత్ అంతా అంతకుముందే. చిక్కటి నూనె తీసేసి పల్చటిది పొయ్యాలి. గడ్డకట్టే చలిలో చిక్కటి నూనె తేనెలా బిగుసుకుంటుంది. ఈ ఇంజిన్లో నూనెను పైకి తోసే పంపు లేదు, అడుగున ఉన్నదాన్ని చిమ్ముకుంటూ తిరుగుతుంది. నూనె చిమ్మకపోతే ఇనుము ఇనుముని తినేస్తుంది. బ్యాటరీకి సన్నగా ఛార్జింగ్ పెట్టి ఉంచాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చి కార్బొరేటర్లో జిగురు కడుతుంది. అందుకే ఇథనాల్ లేనిది పోస్తాడు. వెనక చక్రాలకు ఇనుప బరువులు బిగించాం. గడ్డకట్టని నీళ్లు, అంటే కారు అద్దాలు తుడిచేవి, టైర్లలోకి ముందే ఎక్కించి ఉన్నాయి. పైన గొలుసులు. గొలుసులు లేకపోతే మంచు మీద ఘోడా ఉన్నచోటే నాచ్ చేస్తుంది. పలకకు మైనం రుద్దాం, మంచు అంటుకోకుండా జారిపోతుందని.

నడపడానికీ ఒక తరీఖా ఉంది. మొదటి మంచునే వీలైనంత దూరం నెట్టేయాలి. బద్ధకించి దగ్గర్లో కుప్ప వేస్తే అది రాయిలా గడ్డకడుతుంది, జనవరిలో నెట్టడానికి జాగా మిగలదు. రోడ్డు మీదికి నెట్టడం తప్పు. ఫైరింజన్ వాళ్ల నీటి గొట్టం దగ్గర కప్పెట్టడం ఇంకా తప్పు. గ్యారేజీ తలుపు మూసి ఇంజిన్ నడపడం ప్రాణం మీదికే, ఆ పొగలోని విషవాయువుకు వాసన కూడా తెలియదు.

టెక్సాస్ నుంచి పెద్ద మేనల్లుడు ఫోన్లో రోజూ ఒకటే మాట. "మామూ, ఆ కబాడీ ఎందుకు? కాంట్రాక్టరుకి డబ్బు కడతాను. లేదా కొత్త మిషన్ కొనిస్తాను." వాడి మాటా అబద్ధం కాదు. మోకాలి లోతు మంచు పడితే పలక చేతులెత్తేస్తుంది, మంచును విసిరే కొత్త మిషనే అక్కడ నయం. ఘోడాకు పోత ఇనుము పుర్జాలు కొత్తవి దొరకవు. దుల్హేభాయ్ షెడ్డులో రెండోది ఒకటి ఉంది, నడవనిది. పుర్జాల కోసమే దాన్ని ఉంచుకున్నాడు. ఇదంతా ఆయనకూ తెలుసు. "కాంట్రాక్టరుకి నలభై ఇళ్లు. మన వంతు తొమ్మిదికి వస్తుంది. ఎదురింటి ఆవిడకి అయిదున్నరకి బండి వస్తుంది" అంటాడు.

ఎదురింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్. అంత పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. వాకిలి తెరిచి లేకపోతే వ్యాను లోపలికి రాదు, ఆవిడ రోడ్డుదాకా నడవలేదు. ఎనిమిదేళ్లుగా ఆ వాకిలి ఘోడానే తెరుస్తోంది. ఎవరూ ఎవరికీ డబ్బులిచ్చింది లేదు. ఆవిడ క్రిస్మస్‌కి కేకు పంపుతుంది, ఆపా ఈద్‌కి షీర్‌ఖుర్మా పంపుతుంది.

జనవరిలో ఒక రాత్రి పన్నెండు అంగుళాలు పడింది. నాలుగున్నరకి లేచాం. ఫజర్‌కి ఇంకా గంట పైనే ఉంది. చోక్ లాగి, క్లచ్ తొక్కి, తాళం తిప్పాను. ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోదు. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే.

"ప్లగ్గు తియ్" అన్నాడు దుల్హేభాయ్. తీసి, వైరు తగిలించి, ఇంజిన్ ఇనుముకి ఆనించి తిప్పాం. నిప్పురవ్వ లేదు.

"పాయింట్."

ఆ మాట వినగానే నాకు ముప్ఫై అయిదేళ్లు వెనక్కి తిరిగిపోయాయి. మా అబ్బా హనుమకొండలో స్కూటర్ మెకానిక్. బజాజ్ స్కూటర్ స్టార్ట్ కాకపోతే ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. పాయింట్ అంటే రెండు చిన్న లోహపు బిళ్లలు. ఇంజిన్ తిరిగే కొద్దీ అంటుకుంటూ విడిపోతూ ఉంటాయి. విడిపోయిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. వాటి మీద మసి పట్టినా, వాటి మధ్య సందు మారినా బండి బేకార్. అబ్బా హాక్సా బ్లేడు ముక్క దూర్చి ఆ సందు చూసేవాడు. నేను దగ్గరికెళ్తే తోలేవాడు. "నీ చేతికి గ్రీజు అంటొద్దు. పో, సబక్ చదువుకో." చదువుకున్నాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, గ్రీజు అంటని నౌకరీ సంపాదించాను. ఆయన పోయాక దుకాణం ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, ఆ ఔజార్లన్నీ కబాడీవాడికి తూకానికి వేశాను. ఒక్క పానా కూడా ఉంచుకోలేదు. అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

ఇంజిన్ పక్కన చిన్న మూత తీశాను. టార్చి దుల్హేభాయ్ ఎడమచేతిలో ఉంది. బిళ్లలు నల్లబడి ఉన్నాయి. సన్నటి ఆకురాయితో గీసి, పొడి అట్టముక్క మధ్యలో లాగి తుడిచాను. చేత్తో ఇంజిన్ చక్రం తిప్పుతూ, బిళ్లలు బాగా విడిపోయిన చోట ఆపాను. సందు అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై ఉండాలి. అంటే దాదాపు అర మిల్లీమీటరు. కొలత రేకు దూర్చి స్క్రూ బిగిస్తుంటే నా చెయ్యీ వణికింది. చలికో, దేనికో.

"జోర్ నక్కో లగావ్ మియా. రేకు జారాలి, కానీ కొంచెం పట్టుకోవాలి."

రెండుసార్లు తప్పింది. మూడోసారి రేకు పట్టుకుని జారింది. ఆ పట్టు మాటల్లో చెప్పలేను, వేలికి తెలుస్తుంది. అబ్బా వేలికి తెలిసి ఉండేది.

తాళం తిప్పితే ఘోడా ఒకసారి దగ్గి, లేచింది. దుల్హేభాయ్ "షుకర్" అన్నాడు. అప్పటికి అయిదుంబావు. మా వాకిలి వదిలేసి ముందు ఎదురింటికి తిప్పాను. వ్యాను వచ్చేసరికి సగమే అయింది. డ్రైవరు పది నిమిషాలు ఆగాడు. పెద్దావిడ వీల్‌చైర్లో వెళ్తూ నా వైపు చెయ్యి ఊపింది. ముఖానికి మఫ్లర్ ఉంది కదా, నేను దుల్హేభాయ్ అనుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన ఒక నోటుబుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఘోడా ఇంటికొచ్చిన రోజు నుంచి చేసిన ప్రతి మరమ్మత్తూ తారీఖుతో సహా అందులో ఉంది. ఏ బెల్టు ఎప్పుడు మార్చిందీ, ఏ బోల్టు ఎటు తిప్పితే ఊడేదీ. అంతా ఉర్దూలో. "పిల్లలకి ఉర్దూ నేర్పలేదు మియా. నౌకరీ, ఓవర్‌టైమ్, అలా అయిపోయింది. నువ్వు దీన్ని ఇంగ్లీషులో రాసిపెట్టు. వాళ్లు ఘోడాని ఉంచుకుంటారో అమ్ముతారో వాళ్లిష్టం. కానీ తెలియక అమ్మొద్దు."

తెలియక అమ్మడం అనే మాట నన్ను ఉద్దేశించి కాదు. ఆయనకు అబ్బా ఔజార్ల సంగతి తెలియదు.

మిగతా నెల సాయంత్రాలన్నీ ఆ నోటుబుక్‌తోనే గడిచాయి. మొత్తం ఇంగ్లీషులోకి దింపి మేనల్లుళ్లకి మెయిల్ చేశాను. పెద్దవాడు ఒకటే ప్రశ్న పంపాడు: "మామూ, పాయింట్ సందు కొలిచే రేకు ఎక్కడ దొరుకుతుంది?"

బయల్దేరే ముందురోజు నోటుబుక్ చివరి పేజీ తీసి, చాలా ఏళ్ల తర్వాత కుడి నుంచి ఎడమకి కలం నడిపాను. తారీఖు వేశాను. పాయింట్ సాఫ్ చేశాం, సందు ఇరవై. కింద నా పేరు రాసి, పక్కన అబ్బా పేరు కూడా రాశాను.