వాట్లు పెంచితే పాట పెరుగుతుందా?

తండ్రికి ఘంటసాల పాటలంటే ప్రాణమని కర్నూలులో ఓ కొడుకు 100 వాట్ల స్పీకర్లు కొనిచ్చాడు. నెల తిరక్కుండానే ట్వీటర్ కాలిపోయింది. పాతింట్లోని 20 వాట్ల ఆంప్లిఫయర్‌కి అంత బలమెక్కడిదంటారా? బలం చాలకపోవడమే చేటు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే చిన్న ఆంప్లిఫయర్ ధ్వని తరంగాల కొసలు కోసేస్తుంది. పాట గరగరలాడుతుంది. అప్పుడు పుట్టే కీచు శబ్దాల భారమంతా పాపం ట్వీటర్ మీదే! లోవోల్టేజీ తోడైతే మామూలు ఆంప్లిఫయర్ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది.

అలాగని వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు వినిపించాలంటే దాదాపు 10 రెట్లు కావాలి. పైగా కడప బండలు పరిచిన గది శబ్దాన్ని తిప్పికొడుతుంది. మాటలు మోతలో కలిసిపోతాయి. ముందు ఓ మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు దళసరి పరదాలు కట్టి వినండి.