మొగ్గు గెలుపు కాదు

మేము రెండు భాషల్లో ఎన్నికల వార్తలు రాసేవాళ్ళం. ఉర్దూలో లెక్కింపు నడుస్తున్నంతసేపూ 'రుఝాన్' అంటాం. అంతా ముగిశాక 'నతీజా' అంటాం. రుఝాన్ అంటే మొగ్గు. నతీజా అంటే ఫలితం. తెలుగులోనూ ఈ రెండు మాటలున్నాయి. కానీ తెలుగు డెస్కుల మీద మొగ్గు అనే మాట ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున తొమ్మిదింటికే 'తొలి ఫలితం' అని రాయమంటారు. పదింటికి గెలిచినవాడి జీవితచరిత్ర అడుగుతారు. ఈ తొందర ఖరీదు ఎవరు కడుతున్నారన్నదే మా ప్రశ్న.

దీన్ని మా గల్లీ నుంచి కాదు, అమెరికా నుంచి మొదలుపెడతాం. అక్కడి ప్రైమరీల సంగతి ఇప్పుడు మన ఇళ్ళలోనూ మాట్లాడుకుంటున్నారు. పాతబస్తీలోనూ గుంటూరులోనూ కొడుకో కూతురో అక్కడ లేని వాడలు తక్కువ. మన దగ్గర పార్టీ అభ్యర్థిని అధిష్ఠానం తేలుస్తుంది, బీ ఫారం చేతిలో పెడుతుంది. అక్కడ ఆ పని మామూలు ఓటర్లు చేస్తారు. ఒకే పార్టీలోని ఇద్దరు ముగ్గురు పోటీపడతారు గనక తేడా ఒక్కోసారి వెంట్రుకవాసి ఉంటుంది. తొందరపాటు నిజస్వరూపం అలాంటి చోటే బయటపడుతుంది.

2012 జనవరి 3న అయోవాలో రిపబ్లికన్ పార్టీ కాకస్ జరిగింది. సుమారు లక్షా ఇరవై వేల మంది ఓటేశారు. మిట్ రామ్నీ 8 ఓట్లతో గెలిచాడని తెల్లారేసరికి చెప్పేశారు. సరిగ్గా వారానికి న్యూ హాంప్‌షైర్‌లోనూ ఆయనే గెలిచాడు. ఇక ఎదురులేదని పత్రికలు రాశాయి. జనవరి 19న అసలు లెక్క వచ్చింది. రిక్ శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నాడు. 8 కేంద్రాల కాగితాలు అసలు దొరకనే లేదు. అంటే అక్కడ ఓటేసినవాళ్ళు ధ్రువీకరించిన లెక్కలో లేనట్టే. శాంటోరమ్‌కు గెలుపు దక్కింది, గెలిచిన రాత్రి దక్కలేదు. ఆ రాత్రి వెంట వచ్చే పేరూ డబ్బూ ఊపూ అప్పటికే ఇంకొకరి ఇంటికి చేరాయి. తప్పు దిద్దడానికి రెండు వారాలు పట్టింది. దిద్దిన వార్త లోపలి పేజీలో పడితే ఎవరు చదువుతారు?

2019 జూన్ 25న న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో జిల్లా అటార్నీ పదవికి డెమోక్రటిక్ ప్రైమరీ జరిగింది. టిఫనీ కబాన్ అనే యువ న్యాయవాది ఆ రాత్రి సుమారు 1,100 ఓట్లు ముందుంది. గెలుపు ప్రకటించుకుంది, జనం సంబరాలు చేసుకున్నారు. తర్వాత గైర్హాజరు ఓట్లూ, అఫిడవిట్ ఓట్లూ విప్పారు. మెలిండా కాట్జ్ ఇరవై ఓట్ల తేడాతో ముందుకొచ్చింది. చేత్తో మళ్ళీ లెక్కించారు. కోర్టుకెక్కారు. చివరికి కాట్జే గెలిచింది, అరవైకి మించని తేడాతో. కబాన్ ఆగస్టులో ఓటమి ఒప్పుకుంది.

అఫిడవిట్ ఓటు ఎవరిదో తెలుసా? జాబితాలో పేరు కనబడనప్పుడు, 'నేను ఓటర్నే' అని సంతకం పెట్టి వేసినవాడిది. ఆ సంతకం కింద పార్టీ పేరు రాయలేదని కొన్నింటిని పక్కన పడేశారు. కోర్టులో గొడవ నడిచింది వాటి మీదే. జాబితాలో పేరు గల్లంతై బూతు గడప దిగి వచ్చేవాళ్ళను ప్రతి ఎన్నికలోనూ చూసే మాకు, ఆ కాగితం విలువ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రే గెలుపు తేల్చేస్తే, ఆ కాగితాల మీది మనుషులు వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే!

ఇక్కడ లెక్క సంగతి ఒకటి చెప్పాలి. ముందుగా వచ్చే అంకె అన్నం మెతుకు లాంటిది కాదు. కుండ కలిపి ఉంటేనే ఒక్క మెతుకు పట్టి ఉడికిందో లేదో చెప్పగలం. ఓట్ల కుండను ఎవరూ కలపరు. మన దగ్గర పోస్టల్ ఓట్లు ముందు, యంత్రాలు తర్వాత. యంత్రాలైనా సాధారణంగా రౌండుకు పద్నాలుగు బల్లల మీద, బూతుల వరుసలో తెరుస్తారు. మొదటి రౌండులో ఏ మొహల్లా తెరిచారన్నది తెలుస్తుంది గానీ, గాలి ఎటు వీస్తోందన్నది తెలియదు. అమెరికాలో చాలాచోట్ల పోస్టు ఓట్లు ఆలస్యంగా లెక్కిస్తారు. 2020 నవంబరులో పెన్సిల్వేనియాలో అదే జరిగింది. అక్కడి చట్టం పోలింగు రోజుకు ముందు ఆ కవర్లు విప్పనివ్వదు. ఆ ఓట్లు కలిసేకొద్దీ ఆధిక్యం మారితే, వెనకబడ్డవాళ్ళు వాటిని దొంగ ఓట్లన్నారు. మొదటి గంట అంకెను నిజమని నమ్మించినవాడు, చివరి గంట ఓటరును దొంగను చేస్తాడు. ఆలస్యంగా లెక్కకొచ్చినవాణ్ణి ఆలస్యంగా పుట్టినవాడిలా చూడటం ఎక్కడైనా ఒకటే.

మమ్మల్నయితే లెక్కింపు కాదు, పోలింగు కూడా కాకముందే లెక్కపెట్టేస్తారు. 'మీవాళ్ళు ఎటు?' అని అడుగుతారు. మా నియోజకవర్గాల పక్కన ముస్లిం ఓట్లు ఇన్ని అని రాసి, ఆ మొత్తాన్ని ఒకరి ఖాతాలో వేస్తారు. మాలో పింజారీ ఉన్నాడు, దూదేకుల ఉన్నాడు, షేకూ సయ్యదూ ఉన్నారు, బీడీలు చుట్టే ఆపా ఉంది, దుబాయి నుంచి డబ్బు పంపే భాయీ ఉన్నాడు. వీళ్ళందరికీ ఒకే వేలు, ఆ వేలికి ఒకే సిరాచుక్క!

2016 మార్చి 8న మిషిగన్ ఈ అహంకారానికి జవాబు చెప్పింది. హిల్లరీ క్లింటన్ ఇరవై శాతం దాకా ముందుందని సర్వేలు చెప్పాయి. సుమారు పన్నెండు లక్షల ఓట్లలో పదిహేడు వేల చిల్లర తేడాతో బెర్నీ శాండర్స్ గెలిచాడు. అరబ్బు మూలాల వాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్న డియర్‌బార్న్ పట్నం స్పష్టంగా ఆయన వైపే నిలిచింది. ముస్లిములు యూదుడికి ఓటేశారా అని ఆశ్చర్యపోయిన వ్యాఖ్యాతలున్నారు. ఆశ్చర్యం ఓటులో లేదు, వాళ్ళ బుర్రలో ఉంది. ఓటేసినవాళ్ళు జీతాలూ చదువులూ యుద్ధాలూ చూసి వేసి ఉండొచ్చని వాళ్ళకు తట్టలేదు.

అయితే శాండర్స్ అభిమానులు నేర్చుకోవాల్సింది కూడా ఆ రాత్రే ఉంది. మిషిగన్ ప్రతినిధుల్లో ఆయనకు 67, ఆమెకు 63. అదే రోజు మిసిసిపీలో ఆమె ఎనభై శాతం దాటింది. రోజు మొత్తమ్మీద ప్రతినిధుల లెక్కలో లాభపడింది హిల్లరీయే. అభ్యర్థిత్వమూ ఆమెకే దక్కింది. శీర్షిక ఒకరిది, లెక్క ఇంకొకరిది. 2020లో అదే మిషిగన్ శాండర్స్‌ను కాదని జో బైడెన్‌ను గెలిపించింది.

వినయం అనే మాట వింటే మాకు మొదట అనుమానం వస్తుంది. అణిగి ఉండండి, సర్దుకుపోండి అన్న అర్థంలోనే అది మా చెవిన పడింది. మేము అడుగుతున్న వినయం అది కాదు. బలహీనుడు బలవంతుడి ముందు తల వంచడం కాదు, కలం పట్టినవాడు లెక్క ముందు తల వంచడం. అది గెలుస్తున్నవాడికీ కావాలి, ఓడుతున్నవాడికీ కావాలి. మనకు నచ్చినవాడు ముందున్నప్పుడు మరీ కావాలి. ముందున్నాడని టపాకాయలు కాల్చొద్దు. వెనకబడ్డాడని మోసం అనొద్దు.

ఎన్ని లెక్కించారు? ఎన్ని మిగిలాయి? మిగిలినవి ఏ వాడవి, ఎవరివి? ఈ మూడూ చెప్పని ఆధిక్యం వార్త కాదు, పుకారు. పత్రికలు ఈ మూడూ రాయాలి. రాయకపోతే చదివేవాళ్ళు నిలదీయాలి. అడగటానికి మతం అడ్డురాదు, భాష అడ్డురాదు. చివరి కట్ట విప్పేదాకా మా ఓటును ఎవరి పేరు మీదా రాయకండి, మీ ఓటునూ రాయనివ్వకండి.