చదరపు కిటికీ

అభ్యుదయమంటే వేగమని క్లాసులో చాలాసార్లు చెప్పాను. అది ఎంత తొందరపాటు మాటో, లండన్‌కు ఉత్తరాన ఉన్న డి హావిలాండ్ మ్యూజియంలో ఒక పాత జెట్ విమానం ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

అది కామెట్ 1ఏ. ఒకప్పుడు ఎయిర్ ఫ్రాన్స్ వారిది. రెక్కలు లేవు, మొండెమే మిగిలింది. కిటికీలు చదరంగా ఉన్నాయి. నా చూపు వాటి మూలల దగ్గరే ఆగిపోయింది.

ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు 1952 మే 2న కామెట్‌తోనే లండన్ నుంచి జోహాన్నెస్‌బర్గ్‌కు మొదలైంది. సరిగ్గా ఏడాదికి కలకత్తా దగ్గర ఒక కామెట్ కూలి 43 మంది చనిపోయారు. నేరం గాలివాన మీదికి పోయింది. 1954 జనవరిలో ఎల్బా దగ్గర మరొకటి సముద్రంలో కూలింది. 35 మంది పోయారు. కారణం తేలకుండానే మార్చిలో మళ్లీ ఎగరనిచ్చారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మరో 21 మంది!

అప్పుడుగాని ఆగలేదు. ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటితొట్టెలో పెట్టి, లోపలి ఒత్తిడిని మళ్లీ మళ్లీ పెంచి తగ్గించారు. కిటికీ మూల దగ్గర అలసిన లోహం చిట్లింది. తర్వాత అన్ని దేశాల విమానాలూ ఆ పాఠం నేర్చుకునే ఎగిరాయి.

తప్పును పట్టుకున్నది విజ్ఞానమే. జవాబు రాకముందే ఎగరమన్నవి పోటీ, పరువు. ఈ ఏడు అభ్యుదయం గురించి చెప్పేముందు, నల్లబల్ల మీద ఒక చదరపు కిటికీ గీస్తాను.