ఆ మందు ఎప్పుడొస్తుందన్నయ్యా?

షుగరు జబ్బు అనగానే మనవాళ్ళకు యాభై దాటిన పెద్దమనిషీ, ఆయన చక్కెర లేని కాఫీ గుర్తుకొస్తాయి. మా అప్పనపల్లిలోనూ అంతే. అందుకే పదకొండేళ్ళ మా చెల్లికి షుగరని తెలిసినప్పుడు, మిఠాయిలు తెగ తినిపించిందంటూ అందరూ అమ్మనే ఆడిపోసుకున్నారు.

నిజానికి టైప్ 1 మధుమేహానికీ మిఠాయికీ సంబంధం లేదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదే! 1922లో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చి బతికించేదాకా, ఈ జబ్బు సోకిన పిల్లలు ఎక్కువకాలం దక్కేవారు కాదు. ఇన్సులిన్ ప్రాణం నిలుపుతుంది గాని జబ్బును మాన్పదు. చెల్లికి రోజుకు నాలుగు సూదులు.

పోయినేడు ఒకాయన వచ్చి, "కణాల వైద్యమండీ, షుగరు పూర్తిగా పోతుంది, అయిదు లక్షలు" అన్నాడు. నాన్న కొబ్బరితోట అమ్మడానికి సిద్ధపడ్డారు. జంతుశాస్త్రం చదువుతున్నాను గనక నన్నడిగారు.

కణాల వైద్యం ఆలోచన అబద్ధం కాదు. పోరు ఆపగల రెగ్యులేటరీ టి కణాలు మన ఒంట్లోనే ఉన్నాయి. వాటిని 1995లో గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రోగి రక్తంలోంచి వాటిని వేరుచేసి, వందల రెట్లు పెంచి, తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. నల్లతల గొంగళిపురుగు మీదకు అంబాజీపేట పరిశోధనా కేంద్రం బదనికలను పెంచి కొబ్బరితోటల్లో వదిలించడం మన రైతులకు తెలిసిందే. ఇదీ అలాంటిదే. కాకపోతే ఈ కణాలు చంపవు, సముదాయిస్తాయి.

అమెరికాలో 14 మంది పెద్దవాళ్ళ మీద జరిపిన పరీక్ష ఫలితం 2015లో అచ్చయింది. ప్రమాదం లేదని తేలింది. తర్వాత 110 మంది పిల్లలను జట్లుగా విడదీసి, కొందరికి కణాలు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సొంత ఇన్సులిన్‌ను ఆ కణాలు కాపాడలేకపోయాయని 2024లో ప్రకటించారు.

ఇది చెప్పగానే చెల్లి, "అయితే ఆ పిల్లల శ్రమంతా దండగేనా అన్నయ్యా?" అంది.

కాదమ్మా! ఈ తీరుగా పెంచిన కణాలు చాలవని వాళ్ళ వల్లనే తెలిసింది. అందుకే ఇప్పుడు క్లోమాన్నే వెతుక్కుంటూ పోయే కణాలను తయారుచేస్తున్నారు. 

ఆ పెద్దమనిషిని మూడే అడిగాను. ఎంతమంది మీద పరీక్షించారు? పోల్చిచూసిన జట్టేది? మన దేశంలో 2009 నుంచి మందుల పరీక్షలన్నీ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి కదా, మీ నంబరెంత? ఆయన మళ్ళీ రాలేదు. తోట మిగిలింది.

మిత్రులారా! "పనిచేయలేదు" అన్న మాటను కూడా దాచకుండా అచ్చువేసినవారే రేపు "పనిచేసింది" అంటే నమ్మదగినవారు. అందాకా చెల్లీ, సూది మానకు.