నీలి సేనాని

కథలో నాయకుడు ఎంతటివాడో తెలియాలంటే అతనికి ఎదురు నిలిచినవాణ్ణి చూడాలి. మన లాక్షణికులు ప్రతినాయకుణ్ణి ధీరోద్ధతుడన్నారు. లోభి అనీ, మొండివాడనీ, పాపకర్మలు చేసేవాడనీ కూడా అన్నారు. రావణుణ్ణీ దుర్యోధనుణ్ణీ ఎరిగిన మనకు ఈ లక్షణాలు కొత్తవి కావు. నేను ఈ కొలబద్దను చాలా దూరం తీసుకుపోయాను. అమెరికాలో 'స్టార్ వార్స్' సినిమాల కథను పొడిగిస్తూ వెలువడిన నవలల్లోని ప్రతినాయకులను దానితో కొలిచి చూశాను.

ఇటువంటి నవలలంటే పండితులకు చిన్నచూపు. సినిమా పేరు చెప్పి అమ్ముకునే సరుకు అంటారు. చాలావాటి విషయంలో ఆ మాట నిజమే. కాని వీటిని రాసేవారికి ఒక చిక్కు ఉంది. 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' చిత్రం చివర సామ్రాజ్యాన్ని ఏలే చక్రవర్తి చనిపోతాడు. నల్లని ముసుగుతో ప్రేక్షకులను భయపెట్టిన డార్త్ వేడర్ కూడా కొడుకు ల్యూక్‌ను కాపాడి కన్నుమూస్తాడు. ఇద్దరూ పోయాక మిగిలిన కథను ఎవరితో నడపాలి?

తేలిక దారి ఒకటుంది. ఇంకా పెద్ద ఆయుధాన్ని కల్పించడం. కెవిన్ జె. ఆండర్సన్ 1994లో రాసిన మూడు నవలల్లో నక్షత్రాన్నే పేల్చివేయగల చిన్న నౌక ఒకటి వస్తుంది. అందులో డాలా అనే నౌకాసేనాని ఉంది. నాలుగు మహా యుద్ధనౌకలతో బయలుదేరి, వాటిలో చాలావరకు పోగొట్టుకుంటుంది. ఆమె కోపం మనకు కనిపిస్తుంది గాని భయం కలగదు.

టిమోతీ జాన్ అంతకుముందే వేరే దారి తొక్కాడు. 1991లో 'ఎయిర్ టు ది ఎంపైర్', అంటే సామ్రాజ్య వారసుడు, 1992, 1993లలో దాని తరువాయి భాగాలు రెండు వచ్చాయి. అతని ప్రతినాయకుడు థ్రాన్. నీలి చర్మం, ఎర్రగా మెరిసే కళ్ళు, తెల్లని సేనాని దుస్తులు. మానవులనే అందలమెక్కించే సామ్రాజ్యంలో మానవుడు కానివాడు అంత పదవికి వచ్చాడంటే అతని తెలివి ఎంతటిదో ఊహించుకోవచ్చు. యుద్ధానికి ముందు అతను శత్రుజాతి చిత్రాలనూ శిల్పాలనూ ముందుంచుకొని చూస్తాడు. వాళ్ళు దేన్ని చూడగలరో, దేన్ని చూడలేరో వాటినుంచే గ్రహిస్తాడు. ఈ మూడు నవలల్లో రచయిత ఒక్కసారి కూడా మనల్ని అతని మనసులోకి తీసుకుపోడు. పక్కన నిలబడిన కెప్టెన్ పెలియాన్ కళ్ళతోనే ఎక్కువగా చూస్తాం. ఇది మంచి పద్ధతి. లోపల ఏముందో తెలియనివాణ్ణి చూసే మనం ఎక్కువ భయపడతాం.

ఇక్కడ రెండు సన్నివేశాలను పక్కపక్కన పెట్టుకోవాలి. మొదటి నవలలో ల్యూక్ నౌకను దూరం నుంచి లాగి పట్టే కిరణయంత్రం దగ్గర ఒక నావికుడు ఉంటాడు. ల్యూక్ ఉపాయంతో తప్పించుకుపోతాడు. థ్రాన్ వచ్చి అడిగితే, ఇటువంటిది తనకు నేర్పలేదని నావికుడు చెప్పుకుంటాడు. థ్రాన్ సైగ చేస్తాడు, అంగరక్షకుడు రుక్ అక్కడికక్కడే అతన్ని చంపుతాడు. మూడో నవలలో అదే యంత్రం దగ్గర మరొకడు. ల్యూక్ అతని చేతినుంచీ జారిపోతాడు. అయితే ఇతను కొత్త ఉపాయం ఒకటి ప్రయత్నించి ఓడిపోయాడు. థ్రాన్ అతన్ని మెచ్చుకొని పదోన్నతి ఇస్తాడు. 1980 చిత్రంలో వేడర్ తప్పు చేసిన అధికారులను విచారణ లేకుండా గొంతు నులిమి చంపడం చూసినవారికి ఇది ఎంతో పెద్ద తేడాగా తోస్తుంది.

రెండో సన్నివేశం చదవగానే నాకు థ్రాన్ మీద గౌరవం కలిగింది. ఆ గౌరవమే నన్ను ఇబ్బంది పెట్టింది. సాకు చెప్పినందుకు ఒక నావికుణ్ణి చంపించినవాడూ ఇతనే కదా! ఇంత న్యాయంగా ఆలోచించే అధికారి అంటూ మనం ఆ చావును దాటిపోతున్నాం. సమర్థుడు చేసిన హత్య మన కళ్ళకు హత్యగా కనబడడం లేదు. వేడర్ చేస్తే మాత్రం క్రౌర్యం అంటాం. మీరు ఈ నవలలు చదివితే ఆ చోట ఒక్క క్షణం ఆగి, చచ్చినవాడి వైపునుంచి చూడండి.

గౌరవానికి చోటివ్వని ప్రతినాయిక కావాలంటే ఇసాన్ ఇసార్డ్ ఉంది. మైఖేల్ స్టాక్‌పోల్ 1996లో మొదలుపెట్టిన నవలల్లో ఈమె సామ్రాజ్యపు గూఢచారి శాఖ అధిపతి. శత్రువులకు రాజధానిని తానే వదిలిపెడుతుంది. ముందుగా అక్కడ ఒక రోగాన్ని వ్యాపింపజేస్తుంది. అది మానవులకు సోకదు, ఇతర జాతులకే సోకుతుంది. మందు ఉంది, కాని ఖరీదైనది, చాలినంత దొరకదు. కొత్త ప్రభుత్వం దాన్ని కొంటే ఖజానా ఖాళీ అవుతుంది, కొనకపోతే మిగతా జాతులు మానవులమీద తిరగబడతాయి. నక్షత్రాలను పేల్చే నౌకకన్నా ఈ పథకమే నాకు భయంకరంగా తోచింది. ఎందుకంటే ఇది జమాఖర్చుల పుస్తకంతో చేసే యుద్ధం.

థ్రాన్ పతనం మాత్రం ఇంకా లోతైనది. రుక్ నోగ్రీ జాతివాడు. యుద్ధంలో పాడైన తమ నేలను బాగుచేస్తున్నారన్న కృతజ్ఞతతో ఆ జాతి సామ్రాజ్యానికి ఊడిగం చేస్తుంది. నిజానికి ఆ నేల బాగుపడకుండా సామ్రాజ్యమే చూస్తోంది. వేడర్ మొదలుపెట్టిన ఈ మోసాన్ని థ్రాన్ ఎరిగే కొనసాగించాడు. లియా దాన్ని బయటపెట్టింది. చివరి యుద్ధం మధ్యలో రుక్ కత్తి థ్రాన్ గుండెలో దిగుతుంది. ఎక్కడెక్కడి జాతుల మనసులనో బొమ్మలనుంచి చదివినవాడు, తన కుర్చీ వెనక నిలబడ్డవాడి మనసును చదవవలసినదిగా ఎంచలేదు. మన లాక్షణికులు చెప్పిన ఔద్ధత్యం ఇదే. కాకపోతే ఇతనిలో అది నెమ్మదైన గొంతుతో మాట్లాడుతుంది.

2014లో ఈ పాత నవలలన్నింటినీ 'లెజెండ్స్' అనే పేరుకింద అసలు కథ నుంచి వేరుచేశారు. థ్రాన్ మాత్రం 2016లో టెలివిజన్ ధారావాహికలోకి తిరిగి వచ్చాడు. 2017లో జాన్ అతని పేరుతోనే ఇంకో నవల రాశాడు. ఈసారి అతని ఆలోచనలు మనకు నేరుగా వినిపిస్తాయి. 2020, 2021లలో వచ్చిన మూడు నవలల్లోనైతే అతను స్వజాతిని కాపాడే వీరుడు. బాగా అమ్ముడుపోయే ప్రతినాయకుణ్ణి నాయకుణ్ణి చేయడం ప్రచురణకర్తలకు లాభమే. ఆ పుస్తకాలు నేను ఇష్టంగానే చదివాను. అవి పూర్వకథలు కాబట్టి, కిరణయంత్రం దగ్గర చచ్చిపోయిన నావికుడి పేరు వాటిలో ఎవరికీ గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.