మావాడూ అంతే

రాత్రి రెండున్నర దాటింది. పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, మెల్లగా పడుకోబెట్టి చెయ్యి తీశానో లేదో మావాడు మళ్లీ లేచాడు. అప్పటికి వాడికి ఐదు నెలలు. ఆ రాత్రికి అది నాలుగోసారి. వాణ్ణి ఒళ్లో వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చేత్తో ఫోనులో మా తల్లుల గ్రూపుకు రాశాను: “ఎవరైనా మేలుకుని ఉన్నారా?”

అర నిమిషంలో జవాబు వచ్చింది. “ఉన్నా అక్కా. మావాడూ అంతే. ఇప్పుడే మూడోసారి లేచాడు.” వెంటనే ఇంకొకామె: “మా పిల్ల అసలు పడుకుంటేగా!”

వాడు ఏడుపు మానలేదు. నాకు నిద్రా రాలేదు. కానీ నా బిడ్డకే ఏదో అయిందనీ, నాకే పెంచడం చేతకావడం లేదనీ వారం రోజులుగా లోలోపల కుమిలిపోతున్నదాన్ని, ఆ రెండు మాటలతో కుదుటపడ్డాను.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. తొలికాన్పుకు అక్కడికే వెళ్లాను. పొద్దున్నే బిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద వేసుకుని, అరచేత్తో వేడి చూసుకుంటూ నీళ్లు పోయడానికి ఒక పెద్దావిడ వచ్చేది. వాడు ఏడిస్తే అమ్మ ఎత్తుకునేది. అమ్మ పనిలో ఉంటే పిన్ని, పిన్ని లేకపోతే పక్కింటి మామ్మ. “నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? మీ అమ్మను మూడు నెలలు కన్ను మూయనిచ్చావా?” అని మామ్మ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చేది. మూడో నెల వెళ్లగానే సారె, ఉయ్యాల, బొంతలు కారులో సర్ది హైదరాబాదు పంపించారు. అన్నీ పంపిన అమ్మ ఆ మామ్మను మాత్రం పంపలేదు కదా! కూకట్‌పల్లిలో తొమ్మిదో అంతస్తు. ఆయన ఆఫీసుకు వెళ్లాక తలుపు వేస్తే నేనూ, వాడూ.

పద్నాలుగో వారం టీకా కోసం ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఆ మామ్మ మళ్లీ దొరికిందనుకుంటాను, పదకొండు మంది రూపంలో. 2019 అక్టోబరు. అందరి ఒళ్లోనూ అదే వయసు బిడ్డలు. సూది పడగానే ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. జ్వరం వస్తుందా, తొడ మీద వాపు ఎన్నాళ్లుంటుంది, తడిగుడ్డ వేయవచ్చా అని ఒకరినొకరం అడుక్కుంటుంటే ఒకామె “నంబర్లు ఇవ్వండి, గ్రూపు పెడతాను” అంది. దానికి ‘పద్నాలుగో వారం’ అనే పేరు పెట్టింది. పిల్లలకు ఆరేళ్లు దాటినా ఆ పేరు మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ గ్రూపులో ఏం మాట్లాడుకుంటామని మావారు ఒకసారి అడిగారు. చెప్పబోతే చెప్పడానికి పెద్దగా ఏమీ కనిపించలేదు. రాగిజావ గడ్డకడుతోంది, ఏం చేయాలి? ఇడ్లీ ఉమ్మేస్తోంది, ఏం పెట్టాలి? అత్తగారు తేనె నాకిస్తానంటున్నారు, నొచ్చుకోకుండా ఎలా వద్దనాలి? ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదనీ, అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అది తెలిసినా పెద్దావిడ చెయ్యి ఎలా పట్టుకుంటాం? “డాక్టరుగారు వద్దన్నారని చెప్పు. అన్నప్రాశన రోజు తొలిముద్ద మాత్రం ఆవిడ చేతే పెట్టించు” అని ఒకామె రాసింది. తేనె సీసా అలమరలోకి వెళ్లింది. తొలిముద్ద పెడుతూ అత్తగారు కళ్లు తుడుచుకున్నారట. పుస్తకాల్లో దొరికే సలహా కాదది. అదే ఇబ్బంది పడ్డ మనిషి ఇవ్వగలిగిన సలహా.

తొమ్మిదో నెల తట్టు టీకా వేయించాల్సిన సమయానికి 2020 ఏప్రిల్ వచ్చింది. లాక్‌డౌన్. ఏ క్లినిక్కు తెరిచి ఉందో, ఏ వీధిలో పోలీసులు టీకా కార్డు చూసి వదిలిపెడుతున్నారో ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేసి కనుక్కుని గ్రూపులో పెట్టారు. నెల తిరిగేసరికి మా పిల్లలందరికీ టీకా పడింది. ఎవరికి వాళ్లమే ఉంటే సగం మందిమి భయపడి వాయిదా వేసి ఉండేవాళ్లం.

తర్వాత తర్వాత ఒకరు విశాఖ వెళ్లారు, ఒకరు కరీంనగర్ వెళ్లారు, ఒకరు డల్లాస్ వెళ్లారు. పేర్లు పోయి ఊళ్లే పేర్లయ్యాయి: వైజాగ్ అక్క, కరీంనగర్ వదిన, డల్లాస్ చెల్లి. మనకు రాత్రి రెండయితే డల్లాస్‌లో మధ్యాహ్నం. ఇక్కడ ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ముందు పలికేది చెల్లే. తనకు రెండో కాన్పు అయినప్పుడు వాళ్లమ్మ వీసా మీద వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చేశారు. అమ్మను విమానం ఎక్కించి ఇంటికొచ్చిన రాత్రి చెల్లి “ఇల్లంతా అమ్మ పోపు వాసనే అక్కా” అని రాసింది. అప్పుడు మనకు పట్టపగలు. వంట చేసుకుంటూ ఒకరు, బట్టలు ఆరేస్తూ ఒకరు, తను నిద్రపోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాం.

గ్రూపులో ఒక నాన్న కూడా ఉన్నారు. భార్యకు రాత్రి డ్యూటీలు పడితే ఆమె స్థానంలో చేరారు. అన్నయ్యా అంటాం. ఏడాదిపాటు ఒక్క మాట రాయలేదు. ఒకరోజు ఉదయం ఏడున్నరకు అడిగారు: “అమ్మా, రెండు జడలు వేయాలి. పాపిట వంకర పోతోంది. బస్సు ఎనిమిదింటికి.” వైజాగ్ అక్క వీడియో కాల్ చేసింది. దువ్వెన మొనతో నుదుటి నుంచి మెడ దాకా గీత గీయమంది, ఒక పక్క జుట్టుకు రబ్బరుబ్యాండు వేసి ఆపమంది, రెండో పక్క అల్లించింది. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు పాప వెనుక నుంచి ఫోటో వచ్చింది. ఒక జడ కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. రిబ్బను ముడి మాత్రం గట్టిగా ఉంది.

సలహాలు ఇచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు. సలహాలో ఎంత ప్రేమ ఉన్నా, నువ్వు చేస్తున్నది సరిగ్గా లేదన్న మాట ఒకటి దాని అడుగున ఉంటుంది. ‘మావాడూ అంతే’ అన్నప్పుడు అది ఉండదు. చెప్పే మనిషి పక్కన వచ్చి కూర్చుంటుంది. అందుకే ఆ మాటంటే నాకు అంత ఇష్టం. ఆ మాటను ఎక్కడ వాడకూడదో కూడా ఆ గ్రూపులోనే నేర్చుకున్నాను.

మొదట మందుల దగ్గర. ఒకసారి ఒక చెల్లి జ్వరానికి పారాసెటమాల్ ఎంత వేయాలని అడిగితే “మావాడికి ఐదు ఎంఎల్ వేశాను” అని ఇంకొకామె రాసింది. కరీంనగర్ వదిన స్టాఫ్ నర్సు. వెంటనే ఫోన్ చేసి ఆపింది. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కు ఒకదాంట్లో 120, మరోదాంట్లో 250. సీసాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సిరప్ కొలతలో డ్రాప్స్ వేస్తే బిడ్డకు ప్రమాదం. మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పాల్సిందే తప్ప పక్కింటి బిడ్డను చూసి వేసేది కాదు. ఆ రోజు నుంచి మా గ్రూపులో మందు కొలతలు రాయం.

మావాడికి ఏడాదిన్నర అప్పుడు ఒక ఆదివారం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు సగం చించి గ్లాసుడు నీళ్లలో కలుపుతున్నానని రాశాను. వదిన ఊరుకోలేదు. “లీటరు ప్యాకెట్టయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలుపు. అందాజుగా వేస్తే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. చెంచాతో కొద్దికొద్దిగా పట్టు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు.” ప్యాకెట్టు దొరక్కపోతే ఏం చేయాలో కూడా చెప్పింది: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాకు తల కట్టకుండా. మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఇంక గ్రూపులో అడగొద్దు, ఆస్పత్రికి వెళ్లమంది. సాయంత్రానికి వాడు తేరుకున్నాడు. దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు అసలు ఓఆర్ఎస్ కావని మాకు చెప్పిందీ వదినే. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ వాటికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ రోజు మా గ్రూపులో పండుగ వాతావరణం. ఆమె మాకెవరికీ తెలియదు. అయినా మా ఇంటి మనిషి గెలిచినట్టే అనిపించింది.

ఆ మాట వాడకూడని రెండో చోటు గురించి చెప్పడం కష్టం. అయినా చెప్పాలి.

పిల్లలకు రెండేళ్లు దాటాయి. గ్రూపు నిండా ముద్దుమాటలే. ఒకడు ‘తాత కారు’ అన్నాడు, ఒకతె ‘నాకొద్దు పో’ అంది. రికార్డు చేసి పెట్టడం, అందరం విని మురిసిపోవడం. మాలో ఒక చెల్లి ఒకసారి రాసింది: “మావాడు ఇంకా అమ్మా అని కూడా సరిగ్గా అనడం లేదు.” మేమంతా ఒక్కసారిగా అందుకున్నాం. “మావాడూ అంతే.” “మా బావగారబ్బాయి నాలుగేళ్లకు మాట్లాడాడు, ఇప్పుడు ఆపడం మా వల్ల కావడం లేదు.” “మగపిల్లలకు ఆలస్యమేలే.” నేనూ ‘మావాడూ అంతే’ అని రాశాను. మావాడు అప్పటికే రెండేసి మాటలు కలుపుతున్నాడు. ఆ చెల్లిని ఊరడించాలని రాశాను గానీ అది అబద్ధం.

ఆ తర్వాత ఆమె ఏమీ రాయలేదు. మేం గమనించలేదు. మూడు వారాలకు కరీంనగర్ వదినకు అనుమానం వచ్చి విడిగా ఫోన్ చేసింది. “మావాడు అలా లేడమ్మా. రెండేళ్లు నిండేసరికి రెండు మాటలు కలపాలి. ముందు చెవి పరీక్ష చేయించు. ఏమీ లేదని తేలితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు.” పరీక్షలో రెండు మధ్యచెవుల్లోనూ నీరు నిలిచి ఉందని తేలింది. వాడికి మన మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు వినిపిస్తున్నాయన్నమాట! చికిత్స జరిగింది, స్పీచ్ థెరపీ మొదలైంది. ఇప్పుడు బళ్లో పద్యాలు చెబుతున్నాడు.

అన్నీ కుదుటపడ్డాక ఆ చెల్లి అన్న మాట నేను మరిచిపోలేను. “మీరంతా మావాడూ అంతే అన్నారు కదక్కా. ఇంక నా భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.”

తోడు ఉండటం వేరు, నోరు మూయించడం వేరు. ఒకే మాట రెండూ చేయగలదని అప్పుడు తెలిసింది. నిజమైనప్పుడు ‘మావాడూ అంతే’ కన్నా గొప్ప మందు లేదు. నిజం కానప్పుడు ‘మావాడు అలా లేడు, చూపించు’ అనగలిగినవాళ్లే సొంతవాళ్లు. ఎక్కడ చూపించాలో తెలియకపోతే దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. మాట, వినికిడి, నడక, ఎదుగుదల వెనకబడ్డ పిల్లలను అక్కడ ఉచితంగా చూస్తారు. దగ్గర్లోని అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు.

ఇప్పటికీ మా గ్రూపు రోజూ మోగుతూనే ఉంటుంది. నిన్న ఒకామె పిల్లాడి వేషానికి అల్లూరి సీతారామరాజు గడ్డం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. గడ్డం ఒకరింట్లో, విల్లు ఇంకొకరింట్లో, కాషాయం పంచె మా ఇంట్లో దొరికాయి. ఈ మాటల మధ్యే ఎవరు నాలుగు రోజులుగా పలకలేదో ఇప్పుడు చూసుకుంటున్నాం. పలకని వాళ్లకు ఎవరో ఒకరం ఫోన్ చేస్తాం.

మీకూ ఇలాంటి గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది. అందులో ఈమధ్య మాట తగ్గిన తల్లో తండ్రో కూడా ఉండే ఉంటారు. ఈ పూట వాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. పిల్లలెలా ఉన్నారని తర్వాత అడగండి. ముందు “నువ్వెలా ఉన్నావమ్మా” అని అడగండి.